తిప్పక్క పాతరలో పరిగలు

రోహిణి కార్తె, మొదట్లో

గుంట తవ్వడం అయిపోయింది. జీవాల ఆఫీసు వాళ్ళు జరిగింది జరిగినట్టు రాసిపెట్టమన్నారు. రాస్తున్నాను. తీయగా రాయమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా పేరు సత్యవేణి. మా ఆయన త్రిమూర్తులు. మాది గోదావరి లంక. ఇప్పుడక్కడ లంక లేదు, సముద్రం ఉంది. మమ్మల్ని తెచ్చి ఈ ఏడో మిట్ట మీద పడేశారు. చుట్టూ ఎర్ర గరుసు నేల, రాళ్ళు, మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునే జనం. లంకల నుంచి వచ్చిన ప్రతి కుటుంబం అక్కడి ప్రాణి ఒకదాన్ని ఆరుబయట బతికించాలని ఆఫీసు షరతు. గాజు గదుల్లో పెంచీ పెంచీ వాటి వంశం నీరసించిపోయిందట. మా వంతుకు పరిగ చేపలు వచ్చాయి. అవి బతికి ఉన్నన్నాళ్ళు ఈ ఇల్లు మాది. చస్తే ఇంకొకరిది.

నీరు ఇంకకుండా గుంటలో పరవడానికి ఆఫీసు రబ్బరు షీటు పంపింది. వద్దని తిప్పి పంపేశాను. మొక్క వేరు మట్టిలోకి దిగకపోతే అది చెరువెలా అవుతుంది? బంకమట్టి తెప్పించి అడుగంతా కాళ్ళతో తొక్కాను.

"ఇది మన మట్టి కాదే. నీరు నిలవదేమో," అన్నాడు త్రిమూర్తులు.

"తొక్కితే ఏ మట్టయినా నిలుత్తాది. నువ్వు కూడా దిగు," అన్నాను.

దిగాడు.

రోహిణి కార్తె, చివర్లో

గుంట నింపుతున్నాము. ఇక్కడ నీళ్ళు నీళ్ళలా రావు. ఆవిరైపోకుండా గడ్డకట్టించి, బెల్లం అచ్చుల్లా అచ్చులు పోసి బండి మీద తెస్తారు. ఇంటికి తెచ్చుకుని విరుగుడు పొడి చల్లితే కరుగుతాయి. తాగేవాళ్ళు తాగేంత, వండేవాళ్ళు వండేంత కరిగించుకుని వెంటనే మూత పెడతారు. మూత తీసి మరిచిపోయిన పిల్లలకు వీపు పగులుతుంది. ప్రతి ఇంటి కప్పు మీదా ఒక ఆవిరికన్ను ఉంటుంది. ఏ ఇంటి నుంచి ఎంత తేమ గాలిలో కలిసిందో అది చూస్తూనే ఉంటుంది.

అలాంటి వీధిలో నేను అచ్చు మీద అచ్చు కరిగించి, ఆకాశం కింద పోస్తున్నాను. ఆఫీసు ఇచ్చిన అచ్చులే, ఎవరి నోటి దగ్గరవీ కావు. ఆ మాట వినేదెవరు?

నడుమెత్తు గోడకు అవతల తిప్పక్క నిలబడి చూసింది. అరవై దాటిన మనిషి. ఈ వీధి మొత్తానికి కొర్రల విత్తనం దాచిపెట్టేది ఆమే. ఆమె పెరట్లో నేల కింద గింజలు దాచే రాతి పాతర ఉంది.

"ఏమ్మే, ఏం చేస్తాండావు?"

"చేపల గుంటండీ."

"మా కోడలు బాలింతరాలు. రెండో అచ్చు అడిగితే బండోడు కసిరినాడు. నువ్వు చేపలకు పోస్తాండావా?"

"ఆఫీసు పొయ్యమంది, పోత్తన్నానండీ. ఆఫీసునే అడగండి."

ఆమె గోడ మీద ఉమ్మి లోపలికి వెళ్ళిపోయింది. ఉమ్మి నా వైపే పడింది.

మృగశిర కార్తె, మొదట్లో

ముందు మొక్కలు. ఇన్‌స్పెక్టరు ఫక్రుద్దీన్ మూసిన పెట్టెలో తెచ్చాడు. అంచుల వెంట తుంగ నాటాను. కుండలో మట్టి నింపి కలువ దుంప పెట్టి, మీద గులకరాళ్ళు పేర్చి నీళ్ళలోకి దించాను. నాచు పోగులను రాళ్ళకు కట్టి అడుగుకు వదిలాను. కరిగిన అచ్చు నీళ్ళలో ఒక జిడ్డు మిగులుతుంది. మనుషులకు పర్వాలేదు గాని చేప మొప్పలకు అది జిగురులా అంటుకుంటుంది. మొక్కలు ఆ జిడ్డును తాగేదాకా చేపల్ని వదలకూడదు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాను.

"నీళ్ళు ఆకుపచ్చగా మారి, మళ్ళీ తేరుకునేదాకా ఆగండమ్మా. తొందరపడి వదిలితే చేతులారా చంపినట్టే," అన్నాడు ఫక్రుద్దీన్. వెళ్తూ వీధి వైపు చూసి, "గొడవలు పెట్టుకోకండి," అన్నాడు.

నేను పెట్టుకుంటున్నానా? నిన్న మా నీడగుడ్డను ఎవరో అంచు నుంచి అంచుకు కోసేశారు. ఎండ సైరన్ మోగాక పెరట్లో నిలబడితే చర్మం కాలుతుంది. త్రిమూర్తులు దాన్ని కుడుతూ కూర్చున్నాడు. నేను గుంటలో తేలిన పాచినంతా చేతులతో తీసి, గోడ అవతల తిప్పక్క ఆరేసిన బట్టల మీదకు విసిరాను. కోసింది ఆమే అని నాకు రుజువు లేదు. విసిరాక ఒళ్ళు తేలికపడింది.

మృగశిర కార్తె, నడుమ

చేపలు వచ్చాయి.

సంచిని అలాగే గుంటలో తేలనిచ్చాను. లోపలి నీటికీ బయటి నీటికీ వేడి సమానమవ్వాలి. తరవాత మూతి విప్పి, గుంట నీళ్ళు కొంచెం కొంచెం సంచిలోకి పోస్తూ, చివరికి పక్కకు ఒంచాను. కాసేపు ఏదీ కదల్లేదు. ఒకటి బయటికొచ్చి ఆగింది. వేలి పొడవు, వెండి ఒళ్ళు, తోక దగ్గర నల్ల చుక్క. మిగిలినవి దాని వెనక ఒక్కసారిగా దూకి నాచులోకి మాయమైపోయాయి.

చిన్నప్పుడు మా పంటకాలవలో వీటిని చీరకొంగుతో పట్టేవాళ్ళం. అప్పుడు వీటికి విలువే లేదు, పిల్లులకు వేసేవాళ్ళం. త్రిమూర్తులు గట్టున కూర్చుని, "ఏటే, ఏడుత్తన్నావా?" అన్నాడు.

"ఎండ కంట్లో పడింది," అన్నాను.

గోడ అవతల నలుగురైదుగురు చేరారు. ఊగే నీళ్ళను వాళ్ళలో చాలామంది జన్మలో చూడలేదు. ఒకామె చెయ్యి చాచబోతే తిప్పక్క ఆ చేతి మీద కొట్టింది. "ముట్టుకోవద్దు. దాన్ని చూస్తే మనకు దాహం, దానికి సంబరం," అంది.

సంబరమే. ఒప్పుకుంటాను.

మృగశిర కార్తె, చివర్లో

నీళ్ళు తగ్గుతున్నాయి.

తుంగ మొదళ్ళు మునిగి ఉండేవి, ఇప్పుడు బయటపడ్డాయి. ఆవిరికన్ను చూస్తే మామూలుగానే ఉంది. ఆవిరి కాకపోతే నీళ్ళు ఎక్కడికి పోతాయి? కలువ ఆకులు విచ్చుకుని సగం గుంటను కప్పాయి, ఎండ తగలడమే తక్కువ. అచ్చులు కరిగించి, వేరే తొట్టిలో నాచు వేసి తేర్చి పోస్తూనే ఉన్నాను. పోసినంతా పోతోంది.

ఎవరో తోడుకుంటున్నారు. అంతే.

మొన్న పొద్దున్న అచ్చుల బండి దగ్గర అందరి ముందూ అడిగేశాను. "తిప్పక్కగారూ, గోడ కింద నుంచి గొట్టం ఏసుకున్నారా మా గుంటలోకి?"

తిప్పక్క నా వైపు తిరిగింది.

"ఏమంటివి?"

"మీ కోడలికి నీళ్ళు చాలట్లేదన్నారుగా. అడిగితే ఇచ్చేదాన్నండీ. దొంగతనమెందుకు?"

ఆమె నా మీదకు రాలేదు. నిలబడిన చోటే నిలబడింది. "ఈ మిట్ట మింద మూడు తరాలు ఇత్తనం కాపాడినదాన్ని. కరువులో కూడా ఒక గింజ తిన్నెరగం. నన్ను దొంగంటివా? నా గోడ చెమ్మ పట్టి ఉబ్బుతాండాది. వచ్చి చూడు, నీ గుంత ఏం చేస్తాండాదో!"

"నన్ను లోపలికి పిలిచి, ఈలోగా గుంట తోడిద్దామనా?" అన్నాను.

వెళ్ళి చూడలేదు. ఆ రోజు నుంచి బండిలో చివరి అచ్చు మాకు. అది కూడా పగిలి, దుమ్ము అంటినది.

ఆరుద్ర కార్తె, మొదట్లో

ఆరుద్రలో ఇక్కడ విత్తనం చల్లుతారు. వాన వస్తుందో రాదో ఎవరికీ తెలియదు, అయినా చల్లుతారు. ఈరోజు పొద్దున్నే వీధివాళ్ళంతా బుట్టలతో తిప్పక్క పెరట్లో చేరారు. పాతర మూత ఎత్తే చప్పుడు వినిపించింది. తరవాత వాసన వచ్చింది. పులిసిన, మురిగిన వాసన.

ఆ తరవాత తిప్పక్క అరుపు. అలాంటి అరుపు నేను మా లంక మునిగిన రోజున విన్నాను.

గోడ దగ్గరికి వెళ్ళాను. పాతర నోట్లోంచి తీస్తున్న గింజలకు తెల్లటి మొలకలు వచ్చాయి. కిందకు పోయేకొద్దీ అవి నల్లగా, ముద్దగా ఉన్నాయి. ఒకతను లోపలికి దిగి, "నీల్లుండాయక్కా! మోకాల్లోతు నీల్లు!" అని కేక పెట్టాడు.

మా గుంట వైపున్న రాతి సందుల్లోంచి నీరు కారుతోంది. ఎవరూ తోడుకోలేదు. నేను తొక్కిన మట్టి నిలవలేదు.

త్రిమూర్తులు నా భుజం మీద చెయ్యి వేశాడు. "మట్టి గురించి చెప్పాను కదా" అనలేదు. అని ఉంటే కొట్టి ఉండేదాన్ని.

ఆరుద్ర కార్తె, ఇంకా మొదట్లోనే

రెండు రోజులు వాళ్ళు పాతరను గీకారు. ఒక్క గట్టి గింజయినా దొరుకుతుందేమోనని రాయి రాయీ తుడిచారు. దొరకలేదు. మురిగిందంతా పైకి తోడి, గోడ వారగా కుప్ప పోశారు.

ఈ సాయంత్రం ఎండ సైరన్ ఆగగానే ఆ కుప్పను బుట్టల్లోకి ఎత్తుకుని మా పెరట్లోకి వచ్చారు. ముందు తిప్పక్క.

నేను గట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. "చేపలున్నాయండీ లోపల. మీకు దండం పెడతాను."

"నా పాతరలో ఏముండిందో నీకు ఎరుకనా?" అంది. "మా అత్త కొంగున మూట కట్టుకొని తెచ్చిన ఇత్తనం. ఆ కొర్ర ఇంక యాడా లేదు. నీ చేపకు ఆఫీసు ఉండాది. నా ఇత్తనానికి యెవురుండారు?"

జవాబు లేనప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది. ఆమె బుట్టను పట్టుకుని వెనక్కి నెట్టాను. ఆమె నా చెంప మీద కొట్టింది. నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. త్రిమూర్తులు ఇద్దరి మధ్యకీ దూరి, మోచేతి దెబ్బకు ముక్కు పగిలి నెత్తురు కార్చుకున్నాడు. ఈలోగా మిగిలినవాళ్ళు బుట్ట తరవాత బుట్ట గుంటలోకి కుమ్మరించారు. నల్లటి ముద్ద కలువ ఆకుల మీద పడి, ఆకుల్ని ముంచి అడుగుకు దిగిపోయింది.

"నీల్లు నీవి. ఈ కుళ్ళూ నీదే," అంది తిప్పక్క ఊపిరి తీసుకోలేక.

ఆమె విత్తనం పోయినందుకు ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. ఇప్పుడు రాస్తుంటే కలుగుతోంది. అది కూడా విసుగుతోనే.

మర్నాడు పొద్దున్న

చేపలన్నీ పైకొచ్చాయి. నీటి పైన నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. కుళ్ళు నీళ్ళలోని గాలినంతా తినేసింది. కొన్ని ఇప్పటికే పక్కకు ఒరిగిపోయాయి.

ఏం చేయాలి? తొట్టిలో తేర్చి ఉంచిన నీళ్ళను నిన్నటి తోపులాటలో ఎవరో తన్నేశారు. అప్పుడే అచ్చు కరిగించి బిందె నింపి రెండింటిని వేసి చూశాను. రెండూ కాసేపు గిలగిల్లాడి వెల్లకిలా తేలాయి. మొప్పల నిండా జిడ్డు.

"ఎల్లిపోదామే. ఇంకెక్కడో ఏదో ఒక గూడు దొరక్కపోదు," అన్నాడు త్రిమూర్తులు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

ఈ మిట్ట మీద మట్టిలోంచి వడగట్టుకుని, జిడ్డు లేకుండా తేరిన నీళ్ళు ఒక్కచోటే ఉన్నాయి. మా గుంట నుంచే పోయి, రాళ్ళ సందుల్లో కారి, గీకి శుభ్రం చేసిన పాతరలో నిలిచాయి.

బతికున్నవాటిని బిందెలోకి తోడాను. రాయికి కట్టిన నాచు కూడా వేశాను. గోడ ఎక్కి దిగాను. తిప్పక్క పాతర నోటి దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా గోళ్ళు గీరిన గీతలు మెడ మీద కనిపిస్తున్నాయి.

"దేనికొచ్చినావు?"

"ఇవి చచ్చిపోతన్నాయండీ. మీ పాతరలో వదలనివ్వండి."

ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు. "నా గింజలు చచ్చినప్పుడు నేను యాడికి పోతిని బిందె ఎత్తుకొని?"

"మీరు ఎక్కడికీ పోలేకపోయారు. నేను రాగలిగాను, వచ్చాను. తిట్టండి, కొట్టండి. ముందు వీటిని పొయ్యనివ్వండి."

ఆమె బిందెలోకి తొంగి చూసింది. నోళ్ళు తెరిచి మూస్తున్న చేపల్ని చాలాసేపు చూసింది.

"నా పాతరలో పడితే నావి," అంది. "ఆఫీసోడు వస్తే నావని చెప్తా. నువ్వు కాదనకూడదు. వానితో మా వీధికి ఇత్తనం అడుగుతా."

అంటే ఇల్లు పోతుంది. ఒప్పుకోకపోయినా పోతుంది, చేపలతో సహా. ఆలోచించడానికి ఏమీ లేదు గాని, నా చేతులు కదలడానికి ఒక క్షణం పట్టింది.

"మీవే," అన్నాను. బిందె ఒంచాను.

లోపల చీకట్లో ముందు ఏమీ కనిపించలేదు. తరవాత నీళ్ళ అడుగున సన్నటి మెరుపు ఒకటి పాకింది. దాని వెనక ఇంకొకటి.

"ఇంక పో," అంది తిప్పక్క.

ఆరుద్ర కార్తె, చివర్లో

సామాను కట్టుకుంటున్నాము. గుంటను ఖాళీ చేసి అప్పగించాలి కాబట్టి త్రిమూర్తులూ నేనూ కుళ్ళు నీళ్ళు తోడిపోస్తున్నాము. సగం పైగా అయిపోయింది. మట్టి బయటపడి పగులుతోంది. కలువ దుంపను పైకి తీసి తడిగుడ్డలో చుట్టాను.

పొద్దున్న తిప్పక్క గోడ దగ్గరికి వచ్చింది. నేను తలెత్తలేదు.

"ఏమ్మే. పాతరలో నీల్లు తగ్గిపోతాండాయి."

"తగ్గుతాయి మరి."

"చేపల వీపులు కనపడతాండాయి. ఏం చేయాల?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆమెకు అంతకుముందే అర్థమైందని ఆమె మొహం చూస్తే తెలిసింది. మా గుంటలో నీళ్ళుంటేనే ఆమె పాతరలో నీళ్ళుంటాయి. మేము వెళ్ళిపోతే ఆమె చేపలు నాలుగు రోజులు కూడా బతకవు.

ఆ మాట ఆమె నోటి వెంట రావాలని ఊరుకున్నాను. చేతిలో బకెట్టు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆమె పళ్ళు కొరికింది. పెదాలు తడుపుకుంది. చివరికి, నా నీళ్ళకు మూత లేదని నన్ను తిట్టని రోజు లేని ఆ మనిషి, గోడ మీద రెండు చేతులూ ఆనించి అరిచింది.

"ఇంకా చూస్తావేమే? పొయ్యి! ఆ గుంతలో నీల్లు పొయ్యి!"

"ఆఫీసు ఇచ్చిన అచ్చులు అయిపోయాయండీ. మాకు వచ్చేది మీరు పగలగొట్టిచ్చిన ఆ ఒక్కటే."

ఆమె లోపలికి వెళ్ళి తన ఇంటి అచ్చు తెచ్చింది. మళ్ళీ వెళ్ళి కోడలిది కూడా తెచ్చి, గోడ మీద దబ్బున పెట్టింది.

"ఇది పసిదాని తల్లి నీల్లు. ఒక చుక్క పారబోస్తివో, నిన్ను అదే గుంతలో పూడుస్తా."

పునర్వసు కార్తె

ఫక్రుద్దీన్ వచ్చాడు. ఈ పెరడూ ఆ పెరడూ తిరిగాడు. పాతర నోట్లోకి దీపం పట్టి చూసి, మా గుంటలోకి చూసి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"చేపలు ఎవరివి?"

"నావి," అంది తిప్పక్క. నేను కాదనలేదు.

"నీళ్ళు?"

"సత్యవేణివి," అన్నాడు త్రిమూర్తులు.

"అయితే ఈవిడ ఇల్లు తీసుకోవడానికి లేదు, ఆవిడ పాతరను వదలడానికి లేదు," అన్నాడు ఫక్రుద్దీన్. "చేపలు ఆవిడ పేరు మీద, నీళ్ళు ఈవిడ పేరు మీద రాస్తాను. రెండిట్లో ఏది పోయినా ఇద్దరికీ పోయినట్టే. మీరు మాట్లాడుకుంటారో, కొట్టుకుంటారో, మీ ఇష్టం."

వీధికి కొర్ర విత్తనం తెప్పిస్తానన్నాడు, తెప్పించాడు కూడా. తిప్పక్క ఒక గింజ నోట్లో వేసుకుని నమిలి ఉమ్మేసింది. "ఇది మాది కాదు," అంది. అయినా అందరికీ పంచింది. ఎవరి సంచిలో ఎంత పోసిందో గాని, పోస్తున్నంతసేపూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గింజ తిరిగి రాదు. ఆ సంగతి ఆమె నన్ను మరిచిపోనివ్వదు.

పుష్యమి కార్తె

సగం నీళ్ళు తేర్చి పోయడం, సగం తిట్లు తినడం. పొద్దు ఇలా గడుస్తోంది. నన్ను పాతర దగ్గరికి రానివ్వదు. తగ్గితే గోడ మీద చేత్తో కొడుతుంది. నేను పోస్తాను. ఎక్కువైతే రెండుసార్లు కొడుతుంది. నా చేపల్ని నేను చూడలేదు. వాటిని "నా చేపలు" అంటే ఊరుకోదు కూడా.

ఈరోజు కొట్టలేదు. గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"చిన్నవి ఉండాయి," అంది.

"ఏవి?"

"ఆవగింజంత. నాచులో. కండ్లే కనపడతాండాయి. అవేనా పిల్లలు? లేకుంటే పురుగులా?"

బకెట్టు వదిలేసి గోడ దూకాను. "యెవురు రమ్మన్నారే నిన్ను!" అని అరుస్తూ వెనకే వచ్చింది. పాతర నోటి దగ్గర బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాను. పొద్దుటి వెలుగు ఒక పక్కగా నీళ్ళ మీద పడుతోంది. కళ్ళు అలవాటు పడేదాకా ఊపిరి బిగబట్టాను. నాచు చుట్టూ నల్లటి చుక్కలు జంటలు జంటలుగా వణుకుతున్నాయి. ఒక్కో జంటకూ వెనక వెంట్రుకంత ఒళ్ళు.

"పిల్లలే," అన్నాను. నా గొంతు పాతరలో మోగింది.

ఇంకా కిందకు వంగాను. మోచెయ్యి రాతి మీద జారింది. అప్పుడు వెనక నుంచి నడుము దగ్గర నా చీరను ఎవరో గుప్పిట పట్టి బిగించారు.

"మెల్లగ," అంది తిప్పక్క. "నువ్వు పడితే అన్నీ చస్తాయి."

పట్టు వదల్లేదు. నేను లేవలేదు.